అలగదికి తెలియని గండి

దగ్గరికి రా సుభద్రా, ఇంకాస్త దగ్గరికి. ఆ గుమ్మంలో నిలబడితే సగం మాట గాలికే పోతుంది. పీట లాక్కుని నా పక్కన కూర్చో. మీ నాన్న నా గడప తొక్కి నాలుగు నెలలైంది. ఎందుకు నాయనమ్మా అని నువ్వు అడిగావు. పాలెంలో ఇంకెవరూ అడగలేదు. నేనే చెప్పబోతే చివరిదాకా విన్నవాళ్లు లేరు. అడిగిన పాపానికి నువ్వు పూర్తిగా వినాలి, మధ్యలో ఫోను తీయకూడదు. నేను చదివింది మూడో తరగతి. కంప్యూటర్ సంగతి ఎక్కడైనా తప్పు చెబితే నవ్వుకో. మనుషుల సంగతి మాత్రం తప్పు చెప్పను.

మీ నాన్న బాలస్వామి నా కడుపున పుట్టలేదు, అది నీకు తెలుసు. నా చెల్లెలు వజ్రమ్మ కొడుకు. సునామీ వచ్చిన రోజు వజ్రమ్మ పోయింది. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మర్నాటి నుంచి నా కంచంలోనే తిన్నాడు. పెళ్లయి వేరు కాపురం పెట్టాక కూడా వేట నుంచి రాగానే ముందు నా ఇంటికే వచ్చేవాడు. "పెద్దమ్మా, ఏం కూర?" అనేవాడు. చింతచిగురు రొయ్యలు ఉన్నాయంటే మీ అమ్మ తన వంట తినలేదని అలిగినా లెక్కచేసేవాడు కాదు. అలాంటివాడు ఇప్పుడు నా వీధిలోంచి కూడా నడవడం లేదు.

పోయిన ఏడాది ఆఫీసర్లు వచ్చి మన పాలెం మీద ఎర్రగీత గీస్తామన్నారు. గీత లోపల పడిన ఊళ్లన్నీ ఖాళీ చేయాలి. మన మొగదిబ్బపాలెం పడితే సముద్రానికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య, కాలనీ ఇల్లు ఇస్తారు. పడవలు ఇక్కడ, మనుషులు అక్కడ. పొద్దున్నే లేచి గాలి ఎటు తిరిగిందో చూడాలంటే బస్సెక్కాలి! గీత ఎక్కడ పడుతుందన్నది ఆనాటి అల ఎంత ఎత్తు వచ్చిందో లెక్క తేలితే తెలుస్తుందన్నారు. ఆ లెక్క తేల్చడానికే టౌను బయట ఒక పరిశోధనశాల కట్టారు. అందులో ఉంది అలగది, ఆ అలను మళ్లీ వచ్చినట్టు చూపించే గది.

ఊరి ప్రెసిడెంటు మీ నాన్నే కాబట్టి, ఆ రోజు బతికి బయటపడ్డ ఇరవై ఆరు మందిని వ్యానెక్కించి తీసుకెళ్లాడు. ఆ గది మన చేపల వేలంపాట షెడ్డు అంత ఉంటుంది. కింద నిజం ఇసుక. గోడలూ కప్పూ నల్లగా ఉంటాయి. దీపాలు ఆర్పి మీట నొక్కగానే ముప్పై ఏళ్ల కిందటి మన పాలెం వెలుతురుతో లేచి నిలబడింది. తాటాకు ఇళ్లు, బడి, ఎదురుగా ఇసుక దిబ్బ. మా పాక మీద ఆ ఏడు వేసిన నీలం టార్పాలిన్ పట్టా కూడా ఉంది. ఎవరి పెళ్లి ఫోటోలోంచి పట్టుకున్నారో!

ఆ గదిని తయారుచేసిన పిల్ల పేరు హైమవతి. ముప్పై అయిదు దాటి ఉండవు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ ఉంటుంది. మా అందరి మణికట్లకూ తలో పట్టీ కట్టింది.

"మామ్మగారూ, మీరేమీ చెప్పక్కర్లేదండీ, ఊరికే నిలబడండి. నోరు మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదు. ఆ రోజు నీళ్లు ఎటునుంచి ఎంత ఎత్తున వచ్చాయో ఇక్కడ కూడా అలాగే వస్తే మీ గుండె గుర్తుపడుతుంది. పట్టీ దాన్ని పట్టుకుంటుంది. గుర్తుపట్టకపోతే కంప్యూటర్ నీటిని మార్చి మళ్లీ పంపిస్తుంది" అంది.

"నీటినేనా మార్చేది? నేలను మార్చదా?" అని అడిగాను.

"నేల మ్యాప్‌లో ఉన్నట్టే ఉంటుందండీ. అది మారదు" అని నవ్వింది.

అక్కడ నోరు మూసుకున్నాను చూడు, అదీ నా తప్పు. మొదటి తప్పు కాదనుకో.

నీళ్లు వచ్చాయి. వెలుతురు నీళ్లే, అయినా చల్లగాలి, ఆ హోరు... మోకా వీరమ్మ చటుక్కున చీర మోకాళ్ల దాకా ఎత్తుకుంది.

"తడవదండీ!" అని హైమవతి అరిస్తే, "అలవాటు తల్లీ, నువ్వు కానీ" అంది వీరమ్మ. అందరం నవ్వాం. ఆ గదిలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ నీళ్లు దిబ్బ మీంచి వచ్చాయి. రెండున్నర నిలువుల ఎత్తు లేచి, దిబ్బ దాటి, పాలెం మొత్తం మీద దూకాయి. ఆ రోజు అలా రాలేదు. దిబ్బలో ఉన్న గండిలోంచి వచ్చాయి.

గండి సంగతి నీకు తెలియదు, మీ తరం వాళ్లెవరికీ తెలియదు. గంగమ్మ మన ఆడపడుచు, సముద్రం ఆవిడ పుట్టిల్లు. కార్తీక పున్నమికి పుట్టింటికి స్నానానికి తీసుకెళ్లేటప్పుడు ఆడపడుచును దిబ్బ ఎక్కించి దించకూడదు, నేలబారు దారిన పంపాలి. అందుకని ఏటా దిబ్బను కోసి దారి చేసేవాళ్లు. ఏడు పడవ తెడ్లు వరసగా పరిస్తే ఎంతో అంత వెడల్పు. అడుగున తడి ఇసుక తగిలేదాకా లోతు. మళ్లీ అమావాస్య లోపల ఇంటికి ఇన్ని తట్టలని ఇసుక పోసి పూడ్చేయాలి. ఏడాదికి పదిహేను రోజులు ఉండే దారి ఏ మ్యాపులో ఉంటుంది? వాళ్ల దగ్గరున్న బొమ్మలన్నీ వేసవిలో తీసినవి. అల వెళ్లిపోయాక చూస్తే దిబ్బ నాలుగు చోట్ల చిరిగి ఉంది. అందులో ఏది మనం కోసిందో, ఏది అల కోసిందో పైవాళ్లు ఎలా చెప్పగలరు?

ఆ ఏడు అమావాస్యకు గండి పూడ్చలేదు. ఎందుకంటావా? నేను వద్దన్నాను. సముద్రం ఒడ్డున ఎండబెట్టిన చేపలను గంపలకెత్తి దిబ్బ చుట్టూ తిరిగి రావాలంటే మా ఆడవాళ్ల మోకాళ్లు అరిగిపోయేవి. గండి ఉంటే నాలుగు అంగల్లో ఇంట్లో ఉంటాం. మా ఆయన సముద్రాలు అప్పుడు కులపెద్ద. అన్నం పెడుతూ, "ఇంకో పున్నమి దాకా ఉండనియ్యరాదా? గంగమ్మ ఏమన్నా అలిగిద్దా?" అన్నాను. ఆయన మర్నాడు పాలెంలో అదే మాట తన మాటగా చెప్పాడు. కులపెద్ద చెబితే ఎవరు కాదంటారు?

ఆ ఇంకో పున్నమి రోజు పొద్దున్నే అల వచ్చింది. దిబ్బ దాన్ని ఆపింది సుభద్రా! దిబ్బ ఆపిన నీళ్లన్నీ ఆ ఒక్క సందులోకి దూరి, వెనకున్న తొమ్మిది ఇళ్లను ఊడ్చుకుపోయాయి. అందులో వజ్రమ్మ ఇల్లు నాలుగోది. మీ నాన్న చెయ్యి ఆవిడ చేతిలోంచి జారిందంటారు.

శవాలు దొరికాక కులపెద్దలు కూర్చుని కట్టు పెట్టారు, ఎవరూ దాటకూడని కట్టుబాటు. గండి తెరిచి ఉందని బయటివాళ్లతో అనకూడదు. అంటే ప్రాణాలు మీరే తీసుకున్నారంటారు, సాయానికి వచ్చిన బియ్యం లారీలు వెనక్కి పోతాయి. మన పాలెంలో కట్టు అంటే అది పెట్టినవాళ్లు చచ్చినా కట్టే. అందరూ మింగారు. మా ఆయన ఎనిమిదేళ్ల కిందట గుండె నొప్పితో పోయేదాకా దాన్ని నోట రానివ్వలేదు. నేనైతే కట్టు కోసం మింగలేదు. నాకోసం మింగాను. మీ నాన్న నా ఒళ్లో పడుకునేవాడు. వాడికి ఏమని చెప్పను?

అలా మూడు వారాలు వ్యానులో వెళ్లడం, నిలబడడం, రావడం. గది నీళ్లకూ మా గుండెలకూ నూటికి అరవై వంతులు కూడా కుదరడం లేదని హైమవతి జుట్టు పీక్కునేది. బడి గోడ మీద నీటి చార మనిషి ఛాతీ ఎత్తున ఉంది. దిబ్బ నిండుగా ఉందనుకుంటే ఆ చార దాకా నీళ్లు రావాలంటే అల ఇంకా ఎత్తు ఉండాలి. కంప్యూటర్ అలను ఇంకా లేపుతుంది. అల లేచేకొద్దీ ఎర్రగీత లోపలికి జరుగుతుంది. ఏం చేసినా లెక్క కుదరదు. గీత మాత్రం ఆగదు. నాకైతే దవడలు నొప్పి పుట్టేవి, పళ్లు కొరుక్కుని కొరుక్కుని.

అంతకన్నా పెద్ద చేటు ఒకటి మొదలైంది. ఒకరోజు చేపలకు ఉప్పు పట్టిస్తుంటే వీరమ్మ అంది కదా, "ఏం దూకిందే అక్కా ఆ రోజు! దిబ్బ మీంచి పడగ ఎత్తినట్టు వచ్చింది."

"ఏ రోజే?"

"సునామీ రోజే. నా కళ్లారా చూశా గదా."

"నువ్వా? ఆ రోజు నువ్వు గండి వైపు నించి నా ముందే పరిగెత్తుకొచ్చావు. నీ జాకెట్టు నిండా గండిలో ఇసకే!"

"గండేంటి? కార్తీకంలోనే పూడ్చేశాం గదా. నీకు వయసు మీద పడింది" అని నవ్వి ఉప్పు చేప నా మీదికి విసిరింది.

ఇంకో నలుగురిని అడిగాను. దానయ్య అదే మాట, ఆయన తమ్ముడు అదే మాట. కట్టు కోసం అబద్ధం ఆడడం లేదు. వాళ్ల మొహాల్లో దాపరికం లేదు. నిజంగానే అలా గుర్తుంది! ఆ గది వాళ్ల గుండెలను చదువుతున్నానంటూ, తన నీళ్లను వాళ్ల బుర్రల్లో పోసేసింది. ఉన్నదాని మీద కొత్తది పరుచుకుంది, పాత చాప మీద కొత్త చాప వేసినట్టు.

వాళ్లను అన్నాను గానీ, రెండు రోజుల తర్వాత పొద్దున్నే ముగ్గు వేస్తూ వజ్రమ్మను తలుచుకున్నాను. రోజూ తలుచుకుంటాను. ఆ రోజు మాత్రం నీళ్లు వజ్రమ్మ మీదికి దిబ్బ పైనుంచి వచ్చాయి. ముగ్గు చేతిలోనే ఉండిపోయింది. నాకు భయం వేసింది. ఆ తర్వాత ఏమనిపించిందో నీ దగ్గర దాచను. హాయిగా అనిపించింది. ఇంకో నాలుగు రోజులు ఆ గదిలో నిలబడితే చాలు, గండి నాలోంచి కూడా పోతుంది. చెల్లెల్ని సముద్రం చంపింది, నేను కాదు. ముప్పై ఏళ్ల బరువు, ఊరికే, మందు లేకుండా పోతుంది. కాకపోతే పాలెం పోతుంది. గండి గుర్తున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

ముగ్గు సగంలో వదిలేసి బస్సెక్కాను.

హైమవతి నా మాటంతా విని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మామ్మగారూ, నోటిమాట లెక్కలో వేయలేనండీ. మ్యాప్‌లో లేదు. మిగతా పాతిక మందీ లేదంటున్నారు. నివేదిక ఇవ్వడానికి ఆరు రోజులే ఉంది."

"నా పట్టీ చెప్పలేదా?"

ఆ పిల్ల ఇబ్బందిగా చూసింది. "మీ పట్టీ... మిమ్మల్ని రెండో వారంలోనే లెక్కలోంచి తీసేశామండీ. మీ గుండె ప్రతిసారీ నీళ్లు రాకముందే లేస్తోంది."

"తీసేశారా? వారం నించి రోజూ తెచ్చి నిలబెడతన్నారు, టీ పోస్తన్నారు, తీసేసిన మనిషినా నిలబెట్టేది? ఎండు చేపను గాలానికి గుచ్చినట్టు?"

"సారీ అండీ, బాధపడతారని చెప్పలేదు."

"సారీ నీ దగ్గరుంచుకో. నీళ్లు రాకముందు ఎప్పుడు లేచింది నా గుండె? అది చూశావా?"

చూడలేదు. అప్పుడు చూసింది. తెర మీద, కెమెరా పట్టిన నా ముప్పై నాలుగు సార్లూ వరసగా పెట్టింది. ముప్పై నాలుగు సార్లూ నా మొహం ఒక్క చోటికే తిరిగి ఉంది, దిబ్బలో ఒకే చోటుకి. అక్కడ తెర మీద ఏమీ లేదు, నిండు ఇసుక. నీళ్లకు భయపడిన గుండె కాదు అది, సుభద్రా. తప్పు చేసిన గుండె. ఆ రెండూ ఒకేలా కొట్టుకుంటాయని పట్టీకి ఎవరు చెప్పాలి?

హైమవతి చేతిలో టీ పక్కన పెట్టి కాగితం లాక్కుంది. తర్వాత, "ఎన్ని తెడ్లన్నారు?" అంది.

గురువారం అందరినీ మళ్లీ తీసుకెళ్లారు. ఏం మార్చిందో హైమవతి ఎవరికీ చెప్పలేదు, చెబితే గుండెలు ముందే తెలుసుకుంటాయని. దీపాలు ఆరాయి. పాలెం లేచింది. దిబ్బలో గండి ఉంది. ఏడు తెడ్ల వెడల్పు, అడుగున తడి ఇసుక. దానయ్య "ఇదేంటి, ఇక్కడ దారేంటి?" అని గట్టిగా అన్నాడు. "తప్పు వేశారమ్మా" అని వీరమ్మ నవ్వబోయింది.

అప్పుడు నీళ్లు వచ్చాయి. దిబ్బకు కొట్టుకుని ఆగాయి, పక్కకు జరిగాయి, గండిలోకి దూరాయి. ఎత్తు లేదు, ఛాతీ దాకానే. కానీ ఆ వడి! వీరమ్మ కాళ్ల కింద ఇసుక మీద చతికిలపడింది. నోళ్లు లేదంటున్నా ఒళ్లు అవునంటున్నాయి. నూటికి తొంభై నాలుగు కుదిరిందని వెనకనుంచి హైమవతి కేక వేసింది.

నేను మీ నాన్ననే చూస్తున్నాను. నాలుగో ఇంటి ముందు నిలబడ్డాడు. వాడి కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది, పెద్దవాళ్లు చెయ్యి చాచే ఎత్తుకు కాదు, తొమ్మిదేళ్ల పిల్లవాడు తల్లి చెయ్యి పట్టుకునే ఎత్తుకు. నలభై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద పడ్డాడు. గాలిని పట్టుకుని వదలడం లేదు.

బయట వ్యాను దగ్గర అడిగాడు. "పెద్దమ్మా, గండి పూడ్చొద్దని ఎవరన్నారు?"

"మీ పెదనాన్న అన్నాడు. అనిపించింది నేను."

"ఎందుకు?"

"మోకాళ్లు నొప్పులని."

వాడు నా మోకాళ్ల వైపు చూశాడు. అంత చిన్న మాటకా అన్నట్టు చూశాడు. అంత చిన్న మాటకే, సుభద్రా. ఇంకా పెద్దది ఏదైనా ఉంటే బావుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు. "ఊళ్లో పెదనాన్న పేరే చెప్పు. పోయినోడు. నాలుగు రోజులు తిట్టుకుని మానేత్తారు. నీ పేరు రానియ్యకు."

"అడిగింది నేను గదరా."

"ఎవరికి తెలుసు ఆ మాట? నీకూ ఆయనకూ తప్ప?"

"ఇప్పుడు నీకు తెలుసు."

"నాకెందుకు చెప్పావే!" అని అరిచాడు. ముప్పై ఏళ్లలో వాడు నన్ను అలా అనడం అదే మొదలు. "ఒక్క అబద్ధం ఆడలేకపోయావా? ముప్పై ఏళ్లు ఆడావు గదా, ఇంకో పదేళ్లు నీ చేత కాలేదా? నేనిప్పుడు నీ ఇంట్లో అన్నం ఎట్టా తినాలి?"

ఆ రోజు నుంచే నా గడప తొక్కడం మానేశాడు. 

ఎర్రగీత సముద్రం వైపు వెనక్కి జరిగింది, పాలెం ఖాళీ చేయక్కర్లేదన్నారు. పాలెం మొత్తానికి గంగమ్మ దయ అని బూరెలు పంచారు. ఆ తొమ్మిది ఇళ్ల చోటులో మాత్రం ఇల్లు కట్టకూడదన్నారు. నివేదిక కాపీ హైమవతి నాకు పంపించింది, మన ఆశా వర్కరు చదివి వినిపించింది. నూట పది పేజీల్లో మన గండికి రెండు వరసలు. "స్థానిక ఆచారం వల్ల దిబ్బలో ఏర్పడిన తాత్కాలిక ఖాళీ" అని. దానంతటదే ఏర్పడిందట! ఫోను చేసి అడిగాను. "నివేదికలో మనుషుల పేర్లు రాయమండీ, మీకే మంచిది" అంది. నాకు మంచిదట. అందరూ నాకు మంచి చేసేవాళ్లే!

పాలెంలో చెప్పి చూశాను. సగం మంది మళ్లీ దిబ్బ మీంచి దూకిందనే అంటున్నారు, ముప్పై నాలుగు సార్లు చూసింది ఒక్కసారికి పోతుందా? మిగతా సగం "పోనీలే నాంచారమ్మా, ఊరు నిలబడింది గదా, ఇంకా ఎందుకు తవ్వుతావు" అంటారు. కోప్పడేవాళ్లు లేరు. ఒక్క మీ నాన్న తప్ప. అందుకే వాడి మీద నాకు కోపం లేదు. ఈ పాలెంలో నా మాట నమ్మిన మనిషి వాడొక్కడే.

ఆ గదిని ఇప్పుడు బడి పిల్లలకు చూపిస్తున్నారట. రేపు మిమ్మల్ని కూడా తీసుకెళ్తారు. వెళ్లు, చూడు. నీళ్లు గండిలోంచే వస్తాయి, అది నిజమే. కానీ ఆ గండి దగ్గర మనిషి ఉండదు. నువ్వు గుర్తుపెట్టుకో తల్లీ. నీ స్నేహితులకు చెప్పు, రేపు పెళ్లయి వేరే పాలెం వెళితే అక్కడా చెప్పు, నీకు పిల్లలు పుడితే వాళ్లకూ చెప్పు. చెప్పేటప్పుడు సముద్రాన్ని అననక్కర్లేదు, గంగమ్మను అననక్కర్లేదు. అన్నం వడ్డిస్తూ ఒక మాట అన్న ఆడమనిషి ఉందని చెప్పు. ఆవిడ చెల్లెలి పేరు వజ్రమ్మ అని చెప్పు. ఆవిడ పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీ నాన్న ముందైనా సరే, నాయనమ్మ కదా అని నసగకు. నాంచారమ్మ అని గట్టిగా చెప్పు.